అందరికీ తెల్ల దుప్పటి కప్పితే రోమ్ అవదురా

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం, దాంతో పాటు సీజర్ నాటకానికి వేసుకున్న బట్టల పట్టీ రెండూ అందాయి. పద్దెనిమిది పాత్రలు, వాటికి ఎదురుగా ఒకటే పద్దు: "తెల్ల దుప్పట్లు – 18". సీజరూ, ఆయన పల్లకీ మోసే బానిసా, వీధిలో కేకలేసేవాడూ, సీజర్ భార్య కల్పూర్నియా అందరూ ఒకే దుప్పట్లో దిగితే ఎవడు ఎవణ్ణి పొడిచాడో, ఎందుకు పొడిచాడో వెనక వరసలో కూర్చున్నవాడికి ఎలా తెలుస్తుంది చెప్పు? రోములో మనిషి నోరు తెరవక ముందే వాడి బట్ట వాడి జాతకం చదివేసేది. చారని బట్టి హోదా, అంచుని బట్టి పదవి, చెప్పుని బట్టి వంశం. అది పట్టుకుంటే నీ డైలాగులు సగం తగ్గుతాయి. ఖర్చూ తగ్గుతుంది, ఎందుకంటే నీ పద్దెనిమిది మందిలో టోగా కట్టాల్సింది మహా అయితే ఎనిమిది మంది.

టోగా సంగతి ముందు, అంటే రోమన్లు ఒంటికి చుట్టుకునే పైబట్ట. అది గుడ్డ కాదు, హక్కు. రోమన్ పౌరుడైన మగవాడు మాత్రమే కట్టాలి. పరదేశి కట్టకూడదు, బానిస కట్టకూడదు, దేశబహిష్కారం పడ్డవాడికి ఆ హక్కు పోయేది. సీజర్ పోయిన తొంభై ఏళ్ల తర్వాత, క్లాడియస్ చక్రవర్తి దగ్గరికి ఒక దావా వచ్చింది: ఫలానావాడు పౌరుడు కాదు, దొంగ పౌరుడని. విచారణ మొదలవక ముందే వకీళ్లు ఇంకో గొడవకి దిగారు, ముద్దాయి టోగాలో నిలబడాలా, గ్రీకు పైబట్టలో నిలబడాలా అని. క్లాడియస్ తీర్పు ఏమిటంటే: అవతలివాళ్లు నేరం మోపుతున్నంతసేపూ గ్రీకు బట్ట, వాడి తరఫువాళ్లు మాట్లాడుతున్నంతసేపూ టోగా! ఎన్నిసార్లు మార్చుకుని ఉంటాడో పాపం.

ఇక కొలతలు. సీజర్ కాలపు టోగా అర్ధచంద్రాకారం. ఒక అంచు తిన్నగా, ఇంకో అంచు వంపుగా. దీర్ఘచతురస్రం దుప్పటి కడితే మూలలు కాళ్ల దగ్గర పొడుచుకొచ్చి మనిషి మంగలిషాపులో కూర్చున్నట్టు కనిపిస్తాడు, దుప్పటితో వచ్చే అసలు తంటా ఇదే. ఐదడుగుల ఏడంగుళాల మనిషికి తిన్నని అంచు 16 అడుగులు, మధ్యలో వెడల్పు 6 అడుగులు పెట్టుకో. పొడవు మన చీరకి కాస్త తక్కువ, వెడల్పు మాత్రం చీరకి ఒకటిన్నర రెట్లకి పైనే. 44 అంగుళాల పన్నా గుడ్డ అయితే ఒక ముక్క 16 అడుగులు, రెండో ముక్క 13 అడుగులు తీసి పొడవునా కలిపి కుట్టించు. 13 అడుగుల ముక్క వంపు వైపుకి రావాలి. మొత్తం 29 అడుగులు, పది గజాలకి ఒక్క అడుగు తక్కువ. వంపు గీయడానికి గుడ్డని మధ్యకి మడిచి, మడత దగ్గర 6 అడుగులు గుర్తు పెట్టి, అక్కణ్ణుంచి కొస దాకా సుద్దతో నెమ్మదిగా దించుకుంటూ రా. కత్తిరించాక వంపు అంచు సాగుతుంది, కనుక అదే రోజు సన్నగా మడిచి కుట్టించెయ్. వారం వదిలేశావంటే అలలు తేలుతుంది.

అసలు టోగా ఉన్నిది. నువ్వు ముతక ఖద్దరు తీసుకో. గంజి పోయేదాకా రెండుసార్లు ఉతికించు, లేకపోతే మడత ఒంటికి అంటుకోక కాగితంలా నిలబడుతుంది. పాలియెస్టర్, శాటిన్ జోలికి పోకు. దీపాల కింద మెరుస్తాయి, భుజం మీద నిలవవు. నీలిమందు కూడా పెట్టించకు. మామూలు సెనేటర్ (రోము పెద్దల సభలో సభ్యుడు) టోగా ఉన్ని సహజంగా ఉండే మీగడ రంగు. దాన్ని సుద్దతో రుద్ది తళతళలాడించేవాడు ఎన్నికల్లో నిలబడ్డవాడొక్కడే. ఆ సుద్ద తెలుపుని లాటిన్‌లో కాండిడా అంటారు, మనం రోజూ అనే "క్యాండిడేట్" పుట్టింది అక్కడే. ఓటు కావాల్సినవాడు తెల్లబట్టలో తిరగడం ఇవాళ్టి సంగతేం కాదన్నమాట.

కట్టే పద్ధతి చెప్తాను, పక్కన ఇంకొకణ్ణి పెట్టుకుని చెయ్యి. ఒంటిచేత్తో కుదరదు. రోములో డబ్బున్నవాళ్ల ఇంట్లో టోగా మడతలు పెట్టడానికే ఒక బానిస ఉండేవాడు. తిన్నని అంచు మెడ వైపు, వంపు బయటికి. ఒక కొసని ఎడమ భుజం మీదుగా ముందుకి వదులు, అది రెండు పాదాల మధ్య చీలమండల దాకా దిగాలి. మిగతా గుడ్డని వీపు మీదుగా కుడి చంక కిందికి తీసుకురా. అక్కణ్ణుంచి ఛాతీకి ఏటవాలుగా, మళ్లీ ఎడమ భుజం మీదికి, వెనక్కి. ఇంట్లో ఆడవాళ్లని అడుగు, పైట కొంగు వెళ్లే దారి ఇదే. ఛాతీ మీద అడ్డంగా వచ్చే పట్టీ గొంతు పిసికినట్టూ ఉండకూడదు, జారుతూనూ ఉండకూడదు. ముందు భాగం పిక్క మధ్యలో ఆగాలి. ఇవి నా మాటలు కావు, వక్తలకి పాఠాలు చెప్పిన క్వింటిలియన్ అనే పెద్దాయన రాసిపెట్టినవి. బొమ్మల్లో నడుము దగ్గర గుడ్డ ముడిలా పైకి లాగి కనిపిస్తుందే, అది చక్రవర్తుల కాలపు పెద్ద టోగాలకి వచ్చిన సొగసు. నీ నాటకం క్రీ.పూ. 44లో జరుగుతోంది కాబట్టి అది వద్దు.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ గుడ్డంతా ఒక్క పిన్నీసు లేకుండా ఎడమ చేతి మీద నిలబడాలి. మోచెయ్యి దగ్గర చెయ్యి మూలమట్టంలా వంచి ఉంచాలి. చెయ్యి దించితే మడత దిగుతుంది, తర్వాత పట్టీ, తర్వాత మొత్తం. పరిగెత్తకూడదు, వంగి ఏదీ తీయకూడదు, మూట మోయకూడదు. దీన్ని లోపం అనుకుంటావేమో, అదే దాని విలువ! ఎడమ చేతికి పనిలేనివాడు, కట్టడానికీ ఉతకడానికీ ఇంకొకడున్నవాడు అని ఊరంతటికీ చూపించడమే టోగా పని. అందుకే మామూలు జనం తప్పించుకోగలిగినప్పుడల్లా తప్పించుకున్నారు. సీజర్ తర్వాత వచ్చిన తొలి చక్రవర్తి అగస్టస్ ఒకసారి సభలో జనమంతా మురికిరంగు దుప్పట్లలో కనిపిస్తే మండిపడి, ఊరి నడిబొడ్డున ఉండే ఫోరమ్‌లో టోగా లేకుండా ఎవడూ నిలబడకూడదని అధికారులకి చెప్పాడు. మరో వందేళ్లకి ఒక కవి ఇటలీలో చాలాచోట్ల మనిషి చచ్చాక తప్ప టోగా కట్టడు అని ఎగతాళి చేశాడు.

నీ నటులకి భుజం లోపల ఒక పిన్నీసు దాచెయ్, ఎవరికీ కనపడదు. కానీ సీజర్‌కి మాత్రం పెట్టకు. ఎందుకంటే మార్చి 15 నాటి హత్య టోగాతోనే మొదలైంది. కుట్రదారుల్లో ఒకడైన టిల్లియస్ కింబర్ ఏదో మనవి ఉన్నట్టు దగ్గరికొచ్చి, సీజర్ ఇప్పుడు కాదని చెయ్యూపగానే రెండు భుజాల దగ్గరా టోగా పట్టుకుని లాగాడు. మిగతావాళ్లకి అదే సైగ. పిన్నీసు ఉంటే ఆ లాగుడుకి గుడ్డ చిరుగుతుంది, లేదా నీ సీజర్ ముందుకి బోర్లాపడతాడు. చివర్లో ఇంకో ముఖ్యమైన పని ఉంది. ఇక తప్పించుకోలేనని తెలిశాక సీజర్ టోగాని తల మీదికి కప్పుకుని, ఎడమ చేత్తో మడతని పాదాల దాకా లాక్కున్నాడు, పడ్డాక కాళ్లు కనపడకూడదని. 23 పోట్ల మధ్య మనిషి బట్ట సర్దుకున్నాడు! నీ నాటకంలో దీన్ని మించిన క్షణం ఉండదు. దీనికి గుడ్డ వదులుగా ఉండాలి, ఆ మడతలో కనీసం రెండడుగులు మిగిలి ఉండాలి.

టోగా లోపలి టునికా మన జుబ్బా లాంటిది. రెండు చదరపు గుడ్డలు భుజాల దగ్గరా పక్కలా కలిపి కుట్టడమే. పొడవు ముందు మోకాలి కిందికి కాస్త, వెనక మోకాలి మడత మధ్య దాకా. అంతకంటే దిగితే ఆడవాళ్ల బట్ట, ఎక్కితే సిపాయి బట్ట. దీని మీద భుజం నుంచి కింది అంచు దాకా, ముందూ వెనకా రెండు నిలువు చారలు. సెనేటర్‌కి వెడల్పు చార, అశ్వికవర్గం (సెనేటర్ల కింది మెట్టు ధనికులు) వాళ్లకి సన్న చార. స్టేజీ మీద తేడా తెలియాలంటే ఒకటి నాలుగు వేళ్లు, ఇంకొకటి ఒక వేలు పెట్టు. చారలు వంకరపోతే మనిషే వంకరగా కనిపిస్తాడు, భుజం కుట్టు దగ్గర సరిచూసుకో. వెడల్పు చారవాళ్లు నడుముకి బిగించరు, వదిలేస్తారు. సీజర్‌ది అందులోనూ ప్రత్యేకం: చేతులు మణికట్టు దాకా, కొసల్లో కుచ్చులు, దాని మీద వదులుగా ఒక నడికట్టు. "ఆ నడికట్టు వదులు కుర్రాడితో జాగ్రత్త" అని అంతకుముందు రోముని ఏలిన నియంత సుల్లా ఎప్పుడో పెద్దవాళ్లని హెచ్చరించాడట. ఈ మాట ఒక పాత్ర చేత అనిపించరాదూ?

తర్వాత అంచు. ఆ ఏడు సీజర్ మనిషి ఆంటొనీ కాన్సల్, ఏడాది పదవుల్లో అన్నిటికంటే పెద్దది. బ్రూటస్, కాసియస్ ఇద్దరూ ప్రీటర్లు, దాని కింది మెట్టు న్యాయాధికారులు. కనుక ఈ ముగ్గురి టోగాకీ ఊదా అంచు ఉండాలి, పదవిలో ఉన్నవాళ్ల గుర్తు అది. గొప్ప వక్త సిసెరో పెద్దమనిషే అయినా పదవి దిగిపోయినవాడు, ఆయనకి చార ఉంటుంది, అంచు ఉండదు. అంటే చంపినవాళ్లలో ముందున్న ఇద్దరూ రాజ్యం ఇచ్చిన అంచు కట్టుకునే వచ్చారన్నమాట. ఇది ఒక్క ముక్క కూడా మాట్లాడకుండా ప్రేక్షకుడికి కనపడాలి. ఇదే అంచు స్వతంత్రులకి పుట్టిన చిన్నపిల్లల టోగాకీ ఉండేది, పద్నాలుగు పదిహేనేళ్లు వచ్చాక తీసేసి సాదా టోగా కట్టేవాళ్లు. నీ నాటకంలో పిల్లలు లేరు, వదిలెయ్.

ఊదా అన్నానని వంకాయరంగు రిబ్బను కొనేవు! వాళ్లు గొప్పగా చెప్పుకున్న తూరు పట్టణపు ఊదా గడ్డకట్టిన నెత్తురు రంగు. ఎదురుగా చూస్తే నల్లగా, పక్కనుంచి వెలుగు పడితే మెరుస్తూ ఉండాలి. మెరూన్‌లో కాస్త నలుపు కలిపి అద్దించు. నీలం పాలు ఎక్కువైతే దీపాల కింద ఉత్త నీలమే అయిపోతుంది. అసలు రంగు సముద్రపు నత్తల్లోని ఒక గ్రంథి నుంచి తీసేవాళ్లు. ప్లినీ అనే రోమన్ రచయిత లెక్క ప్రకారం వంద రోమన్ పౌన్ల గ్రంథులకి అర లీటరు పైచిలుకు ఉప్పు వేసి మూడు రోజులు నానబెట్టాలి. తర్వాత సీసపు పాత్రలో, మంట నేరుగా తగలకుండా దూరపు కొలిమి నుంచి గొట్టంలో వచ్చే వేడితో సన్నగా కాచాలి. అంటుకున్న మాంసం ముక్కలు పైకి తేలుతుంటే తీసేస్తూ ఉండాలి. పదో రోజుకి ఒక ఉన్నిపోచ ముంచి చూస్తారు. ఎర్రగా వచ్చిందా, అది తక్కువ రకం. నలుపు తిరిగితేనే మేలురకం. ఉన్నిని అయిదు గంటలు నాననిచ్చి, తీసి ఏకి, రంగంతా పీల్చుకునేదాకా మళ్లీ ముంచుతారు. ఇంతా చేస్తే ఎంత వస్తుందనుకున్నావ్? 1909లో ఫ్రీడ్‌లెండర్ అనే రసాయన శాస్త్రవేత్త 12,000 నత్తలు తీస్తే దక్కింది 1.4 గ్రాముల రంగు.

సీజర్ నాటికి రెండుసార్లు ముంచిన తూరు ఊదా ఉన్ని పౌను వెయ్యి దెనారియస్‌లకి (రోమన్ వెండి నాణేలు) కూడా దొరికేది కాదు. సీజర్ జీతాలు పెంచాక సిపాయికి ఏడాదికి వచ్చింది 225. లెక్కేసుకో, నాలుగేళ్ల జీతానికి పైమాటే. క్రీ.పూ. 63లో లెంటులస్ స్పింథర్ అనే అధికారి తన టోగా అంచుకి ఆ రకం వాడితే జనం ఛీకొట్టారు. తర్వాత కొన్నేళ్లకే భోజనపు సోఫాల మీద పరుచుకోవడం మొదలైంది. సీజర్ స్వయంగా ఊదాబట్టల మీదా ముత్యాల మీదా ఆంక్ష పెట్టాడు, ఫలానా హోదా, ఫలానా వయసు ఉంటే తప్ప వాడొద్దని. తను మాత్రం హత్యకి నెల ముందు, ఫిబ్రవరి 15న లూపర్కాలియా పండగనాడు, నిలువెల్లా ఊదా టోగాతో బంగారు కుర్చీలో కూర్చున్నాడు. ఆంటొనీ కిరీటం పట్టుకొచ్చింది అప్పుడే. ఆ సీను నీ మొదటి అంకంలో ఉంది కదా, ఒక్క ఆ సీనుకే పూర్తి ఊదా టోగా కుట్టించు. మిగతా నాటకమంతటికీ ఊదా అంచులే చాలు.

ఉతుకుడు గురించి కూడా ఒక మాట, ఎందుకంటే నీ గుంపులో ఒక చాకలి పాత్ర ఉంది. రోమన్ చాకలి బండకేసి బాదడు, తొట్టిలో నిలబడి కాళ్లతో తొక్కుతాడు. తొట్టిలో నీళ్లతో పాటు నిలవ మూత్రం ఉంటుంది, జిడ్డు వదలగొట్టడానికి. బట్టల మీద జనానికి ఎంత మోజో, ఆ చాకళ్ల వీధంటే అంత ఏవగింపు. తెల్లబరచడానికి వెదురుబుట్ట లాంటి చట్రం మీద బట్ట ఆరేసి కింద గంధకం పొగ పెడతారు. వరస తప్పకూడదు: ముందు ఒక రకం మట్టితో ఉతకాలి, తర్వాత గంధకం, చివర్న కిమోలోస్ దీవి నుంచి వచ్చే మెత్తటి తెల్లమట్టితో రుద్దాలి. మన వాళ్లు చౌడు మట్టి వాడినట్టే. దొంగ రంగు అద్దిన బట్ట అయితే గంధకం పొగకి నల్లబడి కారిపోతుంది, అక్కడితో బండారం బయటపడుతుంది. నీ చాకలికి ఒక ఊదాబట్ట నల్లబడే కామెడీ ముక్క రాసుకోవచ్చు.

ఆడపాత్రల దగ్గర నీ పట్టీ చూసి గుండె ఆగింది. కల్పూర్నియాకి, బ్రూటస్ భార్య పోర్షియాకి టోగా అన్నావు. గృహిణికి టోగా అంటే తిట్టురా! రోములో టోగా కట్టే ఆడది వేశ్య. సిసెరో ఆ ఏడే ఆంటొనీ మీద రాసిన ఉపన్యాసంలో "మగవాడి టోగా కట్టుకున్నావు, వెంటనే దాన్ని ఆడదాని టోగా చేశావు" అని దెప్పాడు, ఎంత ఘాటో చూడు. పెళ్లయిన పౌరస్త్రీకి లోపల టునికా, దాని మీద భుజాలకి పట్టీలతో వేలాడే, పాదాలు కప్పే స్టోలా, బయటికి వెళ్తే పైన పాల్లా అనే దుప్పటి, తల మీదుగా. సన్నటి నూలు వాడు, బాగుంటుంది. తర్వాతి శతాబ్దంలో మన కృష్ణా తీరపు మసాలియాలో సన్న నూలుబట్ట విరివిగా నేస్తారని ఒక గ్రీకు నావికుడు రాసిపెట్టాడు, కాబట్టి మచిలీపట్నం వైపు నేత కొంటే చరిత్ర నిన్ను మరీ తప్పుపట్టదు.

బానిసలకి ప్రత్యేకం యూనిఫారం ఏదీ వద్దు. ఒకసారి సెనేట్‌లో బానిసలకి వేరే బట్ట పెడదామని ప్రతిపాదన వచ్చింది. తర్వాత తట్టింది వాళ్లకి, బట్ట వేరైతే తాము ఎంతమందో బానిసలు లెక్కపెట్టుకుంటారు కదా అని! తత్వవేత్త సెనెకా చెప్పిన ఈ సంగతి నాకు రోమన్ చరిత్ర మొత్తం మీద ఎక్కువ నచ్చిన ముక్క. పొలం బానిసలకి ఏమిచ్చేవాళ్లో పెద్ద కేటో అనే పాతకాలపు రోమన్ రచయిత లెక్క రాశాడు: మూడున్నర అడుగుల టునికా, ఏడాది విడిచి ఏడాది ఒక దుప్పటి, రెండేళ్లకోసారి కొయ్యచెప్పులు. కొత్తది ఇచ్చేముందు పాతది వెనక్కి తీసుకోవాలి, అతుకుల బొంత కుట్టించడానికి. కాబట్టి నీ బానిసలకీ గుంపుకీ గోధుమరంగు, బూడిదరంగు ముతక టునికాలు చాలు, ఒకళ్లిద్దరికి అతుకులు వెయ్యి. సీజర్ శవాన్ని ఇంటికి మోసింది ముగ్గురే బానిసలు, పల్లకీలోంచి ఒక చెయ్యి బయటికి వేలాడుతూ ఉందట. ఆ ముగ్గురూ మాసిన బట్టలో ఉంటే సభలోని తెల్లటోగాలన్నీ పారిపోయాయని వేరే చెప్పక్కర్లేదు.

రెండు సామాన్లు అదనంగా చేయించు. ఒకటి ఉన్ని ముద్దతో చేసిన కురచ టోపీ, పిల్లెయుస్ అంటారు. బానిసకి విముక్తి ఇచ్చినప్పుడు పెట్టేది. హత్య అయ్యాక కుట్రదారుల్లో ఒకడు దాన్ని బల్లెం కొసకి తగిలించి వీధుల్లో తిప్పాడు, ఊరంతా బానిసత్వం నుంచి బయటపడిందన్న అర్థంలో. బ్రూటస్ తర్వాత అచ్చేయించిన నాణెం మీద రెండు బాకుల మధ్య ఉన్నది అదే. రెండోది సీజర్‌కి ఇంకో టోగా, ముందే నెత్తుటి మరకలూ చిరుగులూ వేసినది. అంత్యక్రియల్లో శవపేటిక తలవైపు స్తంభానికి దాన్నే తగిలించారు. మరకలకి లేత ఎరుపు వాడకు, ఊదా అంచుతో కలిసిపోకుండా ఎండిన గోధుమ ఎరుపు వెయ్యి.

చెప్పులు మరిచేవు. టోగా కింద హవాయి చెప్పు కనపడితే పది గజాలు పెట్టినా దండగే. సెనేటర్‌కి చీలమండ దాటి కట్టే తోలుజోడు, వారులు చుట్టి ముడి వేసేది. చెప్పులు ఇంట్లో వేసుకునేవి. ఆంటొనీ ఒకసారి గాల్ దేశపు చెప్పులూ పైదుప్పటీ వేసుకుని ఊళ్లోకొచ్చాడని సిసెరో ఆ రాసిన ఉపన్యాసంలోనే ఏకిపారేశాడు. ఆంటొనీకి ఒక సీనులో అవే తొడిగించు, సిసెరో చూపు ఆ కాళ్ల మీద ఆగితే చాలు.

ఇక నువ్వు వెంటనే రాయాల్సినవి: టోగా కట్టే ఎనిమిది మంది ఎత్తులు, ఎడమ భుజం నుంచి నేల దాకా కొలత. ఇంకొకటి, సీజర్ వేసేవాడు ఎడమచేతి వాటమా? కుట్రదారు కాస్కా మొదట పొడిచినప్పుడు సీజర్ వాడి చెయ్యి పట్టుకుని రాతగంటంతో పొడిచాడు. గంటం కుడిచేతిలో ఉండాలి, మడత లాగాల్సింది ఎడమచేతితో. ఎడమచేతి వాటంవాడైతే రెండు వారాలు ముందు నుంచే టోగాలో రిహార్సల్ చేయించు, ఉత్త చేతులతో కాదు.

నీ
భాస్కరం